ముప్పై ఒకటో నంబరు బిళ్ళ

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. దాని గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చునే మనిషిని నేనే. సాయంత్రం అయిదు నుంచి పది దాకా నా డ్యూటీ. ఇరవై ఏళ్ళు మిలిటరీలో చేసి వచ్చినవాడికి ఈ నగరం ఇచ్చే పని ఎవరిదో ఒక గేటు కాయడమే. నాకేం నామోషీ లేదు. వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టడం నాకు బాగా వచ్చిన పని.

నా వెనక గోడకి ఒక చెక్క బిగించి ఉంటుంది. దానికి అరవై నాలుగు మేకులు, ప్రతి మేకు కింద ఒక నంబరు. బయటికి వెళ్ళే పిల్ల తన తాళంచెవి తన మేకుకి తగిలించి వెళ్ళాలి. తిరిగొచ్చాక తనే వచ్చి నా చేతి మీదుగా తీసుకోవాలి. ఏడున్నరకి చెక్క వైపు ఒక్క చూపు చూస్తే ఎవరు రాలేదో తెలిసిపోతుంది. ఈ పద్ధతి పెట్టింది నేనే. వార్డెనమ్మ మొదట్లో నవ్వింది. "కెమెరాలున్నయ్ గదా అన్నా, గీ మేకులెందుకు?" అంది. కెమెరా వచ్చినవాళ్ళని చూపిస్తుంది గానీ రానివాళ్ళని చూపించదమ్మా అన్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంటి దగ్గర నా పరిస్థితి ఇంకా అన్యాయం. ఎల్బీనగర్ చౌరస్తాకి లోపలగా ఒక కాలనీలో ఉంటాం. పడుకునే ముందు గుమ్మం దగ్గరి చెప్పుల జతలు లెక్కపెట్టకపోతే నాకు నిద్ర పట్టదు. నా భార్యకి ఇది చూస్తే ఒళ్ళుమంట. "ఏందయ్యా, గా చెప్పులు ఎన్నిసార్ల లెక్కవెడ్తవ్? పోరడు మేడ మీదనే ఉన్నడు, ఫోన్ల మునిగిండు," అంటుంది. నాకేదో గాలి సోకిందని ఒక మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. గుడి బయట కూడా నిలబడి చెప్పులు లెక్కపెట్టాను. ఆవిడ తల కొట్టుకుంది.

పద్దెనిమిదేళ్ళుగా ఆవిడకి కూడా చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఎవరి పేర్లూ రాయను. ఊరి పేరూ రాయను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

పోయిన జూన్‌లో శ్రీకాకుళం వైపు నుంచి ఒక పిల్ల బ్యాంకు పరీక్షల కోచింగుకి వచ్చి మా హాస్టల్లో చేరింది. ఊరికే వచ్చి చేరలేదు. వాళ్ళమ్మ ఫోన్ చేసి మరీ పంపింది. "తమ్ముడా, నువ్వున్నావనే పంపుతున్నాను. నీ కళ్ళముందరుంటే నాకు బెంగ నేదు," అంది. సరే అక్కా అన్నాను. ఆవిడ అడిగితే కాదనే హక్కు నాకెక్కడిది?

మొదటి రోజు ఆ పిల్ల తాళంచెవి తెచ్చి మేకుకి తగిలించినప్పుడు నా చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. తాళంచెవితో పాటు రింగుకి ఒక రేకు బిళ్ళ వేలాడుతోంది. పసుపు రంగు ముప్పాతిక వంతు ఊడిపోయింది, అంచుల్లో తుప్పు. మధ్యలో నల్ల రంగుతో ముప్పై ఒకటి అని అంకె. నా చేత్తో నేనే ఆ బిళ్ళని చివరిసారి ఒక మేకు మీంచి తీశాను. అది ఇంకో చెక్క, ఇంకో ఊరు.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"మా నాన్నది మావయ్యా. అమ్మ దాచింది, నేను అడిగి తెచ్చుకున్నాను. దీన్ని చూసినప్పుడల్లా నాకు కోపం రావాలి. కోపం ఉంటే బాగా చదువుతాను," అంది.

"నాన్న మీద కోపమా?"

"మరి? ఒడ్డుకి చేరినవాడు, బిళ్ళ తీసుకుని ఇంట్లో ఇచ్చినవాడు, లంగరు మర్చిపోయానని మళ్ళీ ఆ గాలిలో వెళ్ళాడట. లంగరు ఎక్కువైంది, నేనూ అమ్మా తక్కువయ్యాం. ఇంట్లో ఫోటో కూడా పెట్టనివ్వను నేను."

నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. ఆ పిల్ల చెప్పిన కథలో ఒక్క ముక్క కూడా నిజం కాదు. నిజం తెలిసినవాళ్ళం ముగ్గురం. అందులో ఒకాయన జబ్బు చేసి పోయాడు. మిగిలింది వాళ్ళమ్మ, నేను. చెబితే ఆ పిల్లకి తండ్రి దక్కుతాడు, నేను ఆమె కళ్ళలో ఏమవుతానో తెలియదు. చెప్పకపోతే ఆ పిల్ల జీవితమంతా చేయని తప్పుకి తండ్రిని తిట్టుకుంటూ ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ప్రతి సాయంత్రం ఆ బిళ్ళ నా వెనక మేకుకి వేలాడింది. ఫ్యాను గాలికి చెక్కకి కొట్టుకుని టిక్కుటిక్కుమనేది. నేను వెనక్కి తిరిగేవాణ్ణి కాదు.

ఆ సముద్రపు ఊరిని తల్చుకుంటే నాకు ముందు సంతోషమే వస్తుంది. అదే నాకు అన్నిటికన్నా కష్టం.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మా వైపు సాగర్ అంటే డ్యామే. ఉప్పు నీళ్ళ సాగరం ఒకటుందని పుస్తకంలో చదివానంతే. పన్నెండేళ్ళ సర్వీసు ఎడారిలో, మంచులో గడిచాక పడమటి తీరంలో ఒక చిన్న రేవు ఊరికి బదిలీ అయింది. ఎర్రమట్టి రోడ్లు, పెంకుటిళ్ళు, మూడు నెలలు ఆగని వాన. రేవు పక్కన గుట్ట మీద మా పోస్టు. కిందనుంచి తొంభై మెట్లు. పడవలు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు లెక్క చూడటం మా పని. ఒక్కో పడవకి ఒక్కో నంబరు బిళ్ళ. పొద్దున వేటకి పోయేవాడు బిళ్ళ మా మేకుకి తగిలించి పోవాలి, సాయంత్రం తనే వచ్చి తీసుకోవాలి. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి నీళ్ళ మీద ఉన్నట్టు.

వెళ్ళిన వారానికే రేవులో తెలుగు వినపడింది. ఎవడో వలని, వలతో పాటు వల పుట్టుకని కూడా తిడుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. శ్రీకాకుళం నుంచి ఎనిమిది పడవల వాళ్ళు అక్కడికి వలస వచ్చి, రేవు చివర తాటాకు గుడిసెలు వేసుకుని ఉన్నారు. వాళ్ళందరికీ ఒక మేస్త్రీ. వలని తిడుతున్నవాడు ఆ మేస్త్రీ కింద ఒక పడవవాడు. నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, తెలుగోడివా? మరట్టా మాటాడతావేటి, సగం తురకమాట సగం తెలుగు?" అన్నాడు. నేను, "నీది తెలుగేనా ముందు?" అన్నాను. ఆ పూట వాళ్ళ గుడిసెలోనే భోజనం.

ఆ తర్వాత అతను నాకు బావ, అతని భార్య అక్క. నాలుగేళ్ళ పిల్ల వాళ్ళకి. నన్ను చూస్తే పరిగెత్తుకొచ్చి నా టోపీ లాక్కునేది, దాన్ని భుజాన ఎక్కించుకుని దూరంగా పోయే ఓడలు చూపించేవాణ్ణి. మా ఆవిడ అప్పుడు కడుపుతో పుట్టింట్లో ఉంది. సెలవు దొరకదు. అక్క రోజూ ఫోన్‌లో మా ఆవిణ్ణి ఏం తిన్నావు, కాళ్ళు వాచాయా అని అడిగేది. ఆవిడ మాట ఈవిడకి, ఈవిడ మాట ఆవిడకి సగమే అర్థమయ్యేది. అయినా అరగంట మాట్లాడుకునేవాళ్ళు.

బావతో నాకు రోజూ తగువే. చేపంటే కొర్రమీనే, మీ సముద్రపు చేపలు గడ్డి అనేవాణ్ణి. "సెరువులో బురద తిన్న సేపకి రుసేటిరా!" అనేవాడు. అంటూనే అక్క చేత చింతపండు పోసి పులుసు పెట్టించి, మూడోసారి వడ్డించాక నా కంచం కేసి చూసి, "గడ్డి బాగుందా?" అనేవాడు. అంత హాయిగా నేను మళ్ళీ ఎక్కడా తినలేదు. మా అమ్మ చేతి వంట కూడా.

ఒకనాడు సాయంత్రం రేవు గట్టు మీద కూర్చున్నాం. పొద్దు నీళ్ళలోకి దిగుతోంది. బావ దాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టాడు. "మా ఊళ్ళో సూరీడు సముద్రంలోంచి లెగుత్తాడు. పొద్దు దిగే వైపు పడవ తిప్పితే ఇల్లొచ్చీసినట్టే. పుట్టినకాడ్నించి అదే అలవాటు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఓనాడు వేట ముగించి, కళ్ళు మూతలు పడతంటే, పొద్దు దిగే వైపే పడవ తోలేసినాను. ఎంతకీ ఊరు రాదు! మేస్త్రీ ఎనకాల్నుంచి కేకలేసి తిప్పినాడు. నేదంటే అరబ్బు దేశంలో తేలుదును," అన్నాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వుని నేను ఎన్నోసార్లు వెనక్కి తీసుకోవాలనుకున్నాను.

ఇక నా తప్పు సంగతి.

నియమం ప్రకారం పడవ మనిషి తనే మెట్లెక్కి వచ్చి బిళ్ళ తీసుకోవాలి. పగలంతా నీళ్ళ మీద కష్టపడి వచ్చిన మనిషికి తొంభై మెట్లంటే మాటలు కాదు. అందులోనూ వానలో. ఊరివాళ్ళు ఎక్కేవాళ్ళు, గొణుక్కుంటూ దిగేవాళ్ళు. మా వాళ్ళు ఎక్కుతుంటే నాకు మనసు ఒప్పుకోలేదు. ఒకరోజు మేస్త్రీతో నేనే అన్నాను: "అందరెందుకు, ఒక్కరు రండి. మనోళ్ళవి ఎనిమిదీ కలిపి ఇచ్చేస్త." అప్పట్నుంచి ముందుగా ఒడ్డుకి చేరినవాడు పైకొచ్చి ఎనిమిది బిళ్ళలూ పట్టుకెళ్ళి, గుడిసెల్లో పంచేవాడు. నా తోటివాళ్ళు ఊరివాళ్ళకెవరికీ ఇలా ఇవ్వలేదు. నేను ఇచ్చాను. ఎందుకంటే వాళ్ళు నావాళ్ళు. ఊరుగాని ఊళ్ళో నా భాష మాట్లాడేవాళ్ళకి ఈపాటి మేలు చేయలేనా అని గర్వం కూడా. దానికి అక్క ఆనందపడి ఒక గిన్నెడు ఎండు రొయ్యల పొడి పంపింది.

ఆ రోజు బావ జతగాడికి జ్వరం. ఒక్కడే వేటకి వెళ్ళాడు. పొద్దున బిళ్ళ తగిలిస్తూ, "సాయంత్రం రా, పండుగప్ప దొరుకుద్ది ఇయ్యాల, నీ కొర్రమీను మర్సిపోతావు," అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి గాలి తిరిగింది. నాలుగయ్యేసరికి వాన అడ్డంగా కొడుతోంది. పడవలు ఒక్కొక్కటే తోసుకుంటూ వస్తున్నాయి. కిందంతా అరుపులు. మేస్త్రీ తడిసి ముద్దయి మెట్లెక్కి వచ్చాడు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"అందరం వచ్చీసినాం బాబూ. మావి ఇచ్చీ."

"బావ వచ్చిండా?"

"ఎనకాలే వత్తన్నాడు. ఆ కొండ మలుపుకాడ సూసినాను. ఈపాటికి రేవులో ఉంటాడు."

కిటికీలోంచి చూశాను. వాన తప్ప ఏమీ కనపడలేదు. దిగి చూసి రావచ్చు. తొంభై మెట్లు. ఎనిమిది బిళ్ళలూ తీసి మేస్త్రీ చేతిలో పెట్టాను. రిజిస్టరులో అందరూ చేరినట్టు రాసి సంతకం చేశాను. మా వరస మేకులన్నీ ఖాళీ. ఆ ఖాళీ చెక్కని చూసి హమ్మయ్య అనుకున్నాను కూడా. ఆ హమ్మయ్య ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

మర్నాడు పొద్దున్నే అక్క వచ్చింది. పిల్లని చంకనేసుకుని తొంభై మెట్లూ ఎక్కి వచ్చింది. గాలి తగ్గిపోయింది. సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. అక్క అరచెయ్యి చాపింది. అందులో ముప్పై ఒకటో నంబరు బిళ్ళ.

"బిళ్ళ ఇంటికొచ్చీసింది తమ్ముడా. మడిసి రానేదు."

గాలి ఎక్కువైన రోజుల్లో వాళ్ళు పడవలు కొట్టుకుపోకుండా రేవులోనే పడవ పక్కన పడుకోవడం మామూలే. బిళ్ళ చేతికొచ్చింది గనక మనిషి ఒడ్డున ఉన్నాడనుకుంది అక్క. అన్నం మూతపెట్టి, పిల్లని పక్కన వేసుకుని నిశ్చింతగా నిద్రపోయింది. నేను పంపిన రేకు ముక్కని నమ్మి నిద్రపోయింది. నేనూ హాయిగా నిద్రపోయాను. ఈ లోకంలో అతని కోసం ఆ వేళ మెలకువగా ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా లేరు.

మూడు రోజులు వెతికారు. రెండో రోజు దక్షిణాన చాలా దూరంలో పడవ దొరికింది, బోర్లా పడి. మనిషి దొరకలేదు. ఆ సాయంత్రమే ఒక పెద్ద పడవ బయల్దేరి ఉంటే దొరికేవాడా? ఏమో. దొరికేవాడు కాదని ఎవరైనా గట్టిగా చెబితే వాళ్ళ కాళ్ళ మీద పడతాను. చెప్పగలిగినవాళ్ళు లేరు.

విచారణకి పై అధికారి వచ్చాడు. రిజిస్టరులో చేరినట్టుంది, మనిషి చేరలేదు. అక్కని, మేస్త్రీని పిలిపించాడు. వాళ్ళకి హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు. మధ్యన చెప్పడానికి పోస్టులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. దోషినీ నేనే, నోరూ నాదే. అధికారి అడిగిన ప్రశ్న ఆవిడకి తెలుగులో చెప్పాను: బిళ్ళ నీ చేతికి ఎలా వచ్చింది?

అక్క నా మొహంలోకి చూసింది. ఏడుపు లేదు. కళ్ళు తిప్పకుండా చెప్పింది.

"సాయంత్రం వచ్చినాడు. తనే బిళ్ళ తీసుకున్నాడు, నాకిచ్చినాడు. లంగరు మర్సిపోయినానని మల్లీ ఎల్లినాడు."

మేస్త్రీ తల దించుకున్నాడు. అధికారి నా వైపు చూశాడు. ఇది అబద్ధం సార్, బిళ్ళ ఇచ్చింది నేను అనాలి. ఆ మాటలు నా నోట్లో వరసగా ఉన్నాయి. నేను మాత్రం అక్క చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క పొల్లుపోకుండా హిందీలోకి మార్చాను. అంత చక్కగా నేను ఎప్పుడూ హిందీ మాట్లాడలేదు. కాగితం మీద పడింది: ఒడ్డుకి చేరిన తర్వాత, అనుమతి లేకుండా, బిళ్ళ పెట్టకుండా, తన ఇష్టంతో మళ్ళీ వెళ్ళాడు. తప్పంతా బావదయింది.

తర్వాత గుడిసె దగ్గరికి వెళ్ళి ఏడిచాను. ఎందుకట్ల చెప్పినవక్కా అన్నాను. అక్క పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు విరుస్తోంది.

"పోయినోడు ఎలగూ రాడు. నిన్ను, మేస్త్రీని పట్టుకెళ్తే ఈ ఏడు పడవలోల్ని రేవులో ఉండనిత్తారా? నీ పెళ్ళానికి నెలలు నిండినాయి. ఇంకో ఆడది నాలాగ కూకోవాలా?" అంది. ఇంకో పుల్ల విరిచి, "ఇంక ఈ మాట ఎత్తకు. పిల్లకి కూడా నేను ఇదే సెప్తాను," అంది.

నేను ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా మిగతా సర్వీసు చేశాను. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడు చెప్పడు కదా అన్న ధైర్యంతో బతికాను. అక్క వాళ్ళ ఊరు వెళ్ళిపోయి, చేపలు అమ్మి పిల్లని డిగ్రీ చదివించింది. ప్రతి ఏడూ వాళ్ళ ఊళ్ళో గంగమ్మ పండగ రోజున ఫోన్ చేస్తుంది. మా వాడి చదువు అడుగుతుంది. మా వాడు ఆ విచారణ అయిన పదకొండో రోజు పుట్టాడు. వాడికి ఎన్నేళ్ళొస్తే బావ పోయి అన్నేళ్ళు. వేరే లెక్క పెట్టనక్కర్లేదు.

ఇక్కడ సముద్రం లేదు. హైదరాబాదులో ఏ మూల తవ్వినా బండే. ఇక్కడ నన్ను ఏదీ వెంటాడదనుకున్నాను. తెల్లవారుజామున మా కాలనీకి హైవే మీది లారీల మోత వినిపిస్తుంది. లారీలే అని తెలుసు. అయినా పక్క మీద లేచి కూర్చుని, ఇంకా ఎన్ని రావాలి అనుకుంటాను. సాయంత్రం డ్యూటీకి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే బండి సరిగ్గా పొద్దు దిగే వైపు పోతుంది. నాకు బావ కనిపిస్తాడు. ఉప్పునీళ్ళతో కళ్ళు మండుతూ, వానలో ఒడ్డు కనపడక, ఆఖరికి మబ్బులు విడి పొద్దు కాస్త కనపడితే, పుట్టినప్పటి అలవాటున అటే పడవ తిప్పాడేమో. ఇంటికి వస్తున్నాననుకుంటూ లోపలికి, ఇంకా లోపలికి పోయాడేమో. అందుకే మెట్రోలో నేను ఎప్పుడూ పడమటికి వీపు పెట్టి నిలబడతాను. జనం వింతగా చూస్తారు. చూడనీ.

ఆగస్టులో ఒక సాయంత్రం కుండపోత వాన. చైతన్యపురి దగ్గర రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళు. ఏడయ్యేసరికి నా చెక్క మీద ఇంకా పదిహేను తాళాలున్నాయి. పిల్లలు ఒక్కొక్కళ్ళే తడిసి వస్తున్నారు. ఆ పిల్ల వచ్చింది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. తన తాళం తీసిచ్చాను.

"మావయ్యా, నా రూమ్మేట్‌ది కూడా ఇచ్చెయ్యి. ఎనకాలే వత్తంది. బజ్జీల బండి దగ్గర చూసాను."

చదువుకున్న పిల్ల, మామూలుగా పుస్తకాల తెలుగే మాట్లాడుతుంది. చలికో ఏమో, వాళ్ళ నాన్న భాష వచ్చేసింది. ఏమైందో తెలియకుండానే అరిచాను.

"ఇయ్య! మనిషి రాకుండ ఒక్కటి గూడ ఇయ్య! మనిషి వచ్చినంకనే ఇస్త!"

వరండాలో అందరూ బిగుసుకుపోయారు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. నేను గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళి సందు చివర నిలబడ్డాను. పావుగంట. ఆ పావుగంటలో నేను ఎన్ని మొక్కులు మొక్కానో నాకే తెలియదు. ఆ రెండో పిల్ల చేతిలో బజ్జీల పొట్లంతో, తిరగబడ్డ గొడుగుతో నీళ్ళలో తడబడుతూ వచ్చింది. "ఏమైంది అంకుల్?" అంది. ఏం లేదమ్మా, పద అన్నాను.

అందరూ పైకి వెళ్ళాక ఆ పిల్ల మళ్ళీ కిందికి వచ్చింది. తుండుగుడ్డ నా చేతికిచ్చింది. "ఎందుకు మావయ్యా అంత కోపం? నేనేం తప్పడిగాను?" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

నువ్వేం తప్పడగలేదమ్మా, అదే మాట మీ మేస్త్రీ అడిగితే నేను ఇచ్చేశాను అన్నాను. ఇంక ఆగలేదు. మెట్ల సంగతి, ఎనిమిది బిళ్ళల సంగతి, వాన సంగతి, వాళ్ళమ్మ అరచేతి సంగతి, విచారణలో నేను హిందీలోకి మార్చి చెప్పిన అబద్ధం సంగతి, అన్నీ చెప్పేశాను. చెబుతూ ఆ పిల్ల మొహం చూడలేక ఎదుటి గోడ మీది క్యాలెండరు చూస్తూ చెప్పాను. ఎంత భయమేసిందో! యుద్ధానికి పంపినా అంత భయపడి ఉండను.

ఆ పిల్ల మెట్టు మీద కూర్చుండిపోయింది. ఒకటే అడిగింది.

"అంటే నాన్న మళ్ళీ వెళ్ళలేదా?"

"లేదమ్మా. పొద్దున పోయిందే పోవుడు. ఇంటికే వస్తుండె."

"ఇంటికే వస్తున్నాడా," అని తనలో తను అనుకుంది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. నేను దగ్గరికి వెళ్ళలేదు. ఆ పిల్లనే భుజాన ఎక్కించుకుని ఓడలు చూపించిన రోజు గుర్తొచ్చింది, అయినా వెళ్ళలేకపోయాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "అమ్మతో నేను మాట్లాడతాను. మీరు ఫోన్ చెయ్యొద్దు," అని పైకి వెళ్ళిపోయింది. మావయ్యా అనలేదు.

మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి ఆ పిల్ల క్లాసుకి వెళ్ళి ఉంది. తాళం, బిళ్ళ మేకుకి ఉన్నాయి. ఏడింటికి తిరిగొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. నేను రింగు తీసి ఇచ్చాను. ఆ పిల్ల బల్ల ముందే నిలబడి, గోళ్ళతో రింగు విడదీసి తాళంచెవి తీసుకుంది. నన్ను జరగమని చెయ్యి చాపి, రింగుతో సహా బిళ్ళని మళ్ళీ అదే మేకుకి తగిలించింది.

"బిళ్ళ మరిచినవమ్మా," అన్నాను, తెలిసీ.

"మర్చిపోలేదు మావయ్యా," అంది. "మనిషి వచ్చాకే కదా ఇచ్చేది."

మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మేకు ఆ పిల్లకి కావాలి కదా. మరుసటి రోజు బిళ్ళకని చెక్క చివర అరవై అయిదో మేకు కొట్టాను.